కాలిఫోర్నియా పెద్ద చెట్లు: సెకోయాలా, రెడ్‌వుడ్‌లా? ఏ పార్కుకు వెళ్లాలి?

కాలిఫోర్నియా పెద్ద చెట్లు అనగానే చాలామంది అదంతా ఒకటే చెట్టు అనుకుంటారు. నిజానికి అవి రెండు జాతులు. ఒకటి పెరిగే చోట రెండోది సహజంగా పెరగదు. ఒకదాని దగ్గర నుంచి రెండోదాని దగ్గరికి కారులో కనీసం ఒక పూట పడుతుంది. ఈ తేడా తెలియకుండా బయలుదేరితే, సెకోయా పార్కుకు వెళ్లి ప్రపంచంలోకెల్లా ఎత్తైన చెట్టు ఎక్కడని అడగాల్సి వస్తుంది.

తీరపు రెడ్‌వుడ్ ఎత్తుకు పెట్టింది పేరు. 2006లో రెడ్‌వుడ్ నేషనల్ పార్కులో గుర్తించిన హైపీరియన్ అనే చెట్టు ఎత్తు 380 అడుగులు. బిగ్ సర్ ప్రాంతం నుంచి ఓరెగన్ సరిహద్దు దాటేదాకా సుమారు 450 మైళ్ల పొడవునా, సముద్రాన్ని అంటిపెట్టుకున్న సన్నటి పట్టీలో మాత్రమే ఈ చెట్టు పెరుగుతుంది. అక్కడ వేసవిలో వాన దాదాపు ఉండదు. సముద్రం మీద నుంచి వచ్చే పొగమంచు ఆకుల మీద నీరై నేలకు కారుతుంది, కొంత ఆకులే పీల్చుకుంటాయి. నరికినా, కాలినా మొదలు నుంచి మళ్లీ చిగురిస్తుంది. ఒక పాత మొద్దు చుట్టూ వలయంగా నిలబడ్డ చెట్లు కనిపిస్తే అవన్నీ ఒకే తల్లి వేరు పిల్లలని అర్థం.

సెకోయాది లావు. సెకోయా పార్కులోని జనరల్ షెర్మన్ అనే చెట్టు ఎత్తు 275 అడుగులే, కానీ నేల దగ్గర బోదె అడ్డంగా 36 అడుగులు, ఘనపరిమాణం సుమారు 52,500 ఘనపుటడుగులు. ఒక్క బోదె పరిమాణం లెక్కన ప్రపంచంలో దీన్ని మించిన చెట్టు లేదు. ఇది సముద్రానికి దూరంగా, సియెర్రా నెవాడా పడమటి వాలు మీద, ఎక్కువగా 5,000 నుంచి 7,000 అడుగుల ఎత్తులో, విడివిడి తోపులుగా పెరుగుతుంది. 3,200 ఏళ్లు దాటిన సెకోయాలను వలయాలు లెక్కపెట్టి గుర్తించారు. మొలకెత్తడానికి దీనికి నిప్పు కావాలి. మంట వేడికి కాయలు విచ్చుకుని, బూడిద పరుచుకున్న ఖాళీ నేల మీద గింజలు రాలుతాయి. రెండడుగుల దాకా మందం ఉండే బెరడు తల్లిచెట్టును కాపాడుతుంది.

## ముందు తేల్చుకోవాల్సినవి

మొదటిది నెల. సెకోయా తోపులన్నీ కొండల మీద ఉన్నాయి కాబట్టి నవంబర్ నుంచి ఏప్రిల్ దాకా మంచు, చక్రాలకు గొలుసులు, మూసిన రోడ్లు తప్పవు. ఆగస్టు నుంచి అక్టోబర్ దాకా కార్చిచ్చుల పొగ కమ్మే అవకాశం ఉంది. రెడ్‌వుడ్‌లను ఏడాది పొడవునా చూడొచ్చు, చలికాలంలో వాన మాత్రం గట్టిగా పడుతుంది. డిసెంబర్ సెలవుల్లో పెద్ద చెట్లు చూడాలనుకుంటే ముందు తీరం వైపే చూడాలి.

రెండోది మోకాళ్లు. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలను తీసుకెళ్లేవాళ్లు మైళ్ల కంటే మెట్లు, ఎక్కుడు, ఎత్తు చూసుకోవాలి. 7,000 అడుగుల దగ్గర గాలి పలచబడుతుంది. గుండె, ఊపిరితిత్తుల ఇబ్బందులున్నవాళ్లకు అక్కడ అర మైలు ఎక్కడం కూడా భారమే.

మూడోది డబ్బు. 2026 జనవరి 1 నుంచి అమెరికా నివాసులు కాని, 16 ఏళ్లు నిండినవారికి 11 నేషనల్ పార్కుల్లో ఒక్కొక్కరికి 100 డాలర్ల అదనపు రుసుము పెట్టారు. ఆ జాబితాలో యోసెమిటీ, సెకోయా–కింగ్స్ కాన్యన్ ఉన్నాయి. రెడ్‌వుడ్, మ్యూర్ వుడ్స్ లేవు. స్టేట్ పార్కులకు దీనితో సంబంధమే లేదు. విజిట్ వీసా మీద వచ్చిన ఇద్దరు పెద్దవాళ్లు ఉంటే మామూలు ప్రవేశ రుసుముకు తోడు మరో 200 డాలర్లు పడొచ్చు. వార్షిక పాస్ ఉన్న కారులో ఎవరికి మినహాయింపో బయలుదేరే ముందు ఆ పార్కు అధికారిక పేజీలో చూసుకోండి. నివాసులు గుర్తింపు కార్డు దగ్గర ఉంచుకోవాలి.

ఇంకొకటి కూడా గుర్తుండాలి. నేషనల్ పార్కుల వార్షిక పాస్ కాలిఫోర్నియా స్టేట్ పార్కుల్లో సాధారణంగా చెల్లదు. గేటు దగ్గర ఎక్కువమంది వాదనకు దిగేది దీని మీదే.

| పార్కు | చెట్టు | అనువైన కాలం | నడక | శాన్ ఫ్రాన్సిస్కో నుంచి కారులో |
|---|---|---|---|---|
| సెకోయా–కింగ్స్ కాన్యన్ | సెకోయా | మే చివర–అక్టోబర్ | తేలిక నుంచి మధ్యస్థం, ఎత్తు ఎక్కువ | సుమారు 5 గంటలు |
| మరిపోసా తోపు, యోసెమిటీ | సెకోయా | షటిల్ నడిచే నెలలు | మధ్యస్థం | సుమారు 4 గంటలు |
| కాలవెరాస్ స్టేట్ పార్కు | సెకోయా | ఏడాదంతా, చలికాలంలో మంచు | తేలిక | సుమారు 3 గంటలు |
| రెడ్‌వుడ్ నేషనల్, స్టేట్ పార్కులు | రెడ్‌వుడ్ | ఏడాదంతా | అన్ని రకాలు | 6–7 గంటలు |
| హంబోల్ట్ స్టేట్ పార్కు | రెడ్‌వుడ్ | ఏడాదంతా | చాలా తేలిక | సుమారు 4 గంటలు |
| మ్యూర్ వుడ్స్ | రెడ్‌వుడ్ | ఏడాదంతా, ముందే బుకింగ్ | చాలా తేలిక | ఒక గంట లోపు |
| హెన్రీ కవెల్ స్టేట్ పార్కు | రెడ్‌వుడ్ | ఏడాదంతా | చాలా తేలిక | సుమారు గంటన్నర |

## సెకోయా–కింగ్స్ కాన్యన్: జీవితంలో ఒక్కసారే వెళ్లేటట్టయితే

ఎండాకాలంలో రెండు రాత్రులు ఉండగలిగితే మా సిఫారసు ఇదే. ఒక్క పెద్ద చెట్టును చూడటం వేరు, వేల చెట్ల మధ్య నడవడం వేరు. ఈ పార్కులోని జెయింట్ ఫారెస్ట్ అనే తోపులో ఆ రెండో అనుభవం దొరుకుతుంది.

సెకోయా 1890 సెప్టెంబర్ 25న ఏర్పడిన, అమెరికాలో రెండో నేషనల్ పార్కు. మొదట్లో కాపలా సైన్యానిది. 1903లో ఇక్కడి బాధ్యత తీసుకున్న కెప్టెన్ చార్లెస్ యంగ్ నల్లజాతి అధికారి. ఏళ్లుగా ముందుకు సాగని బండిబాటను ఆయన దళం ఒక్క వేసవిలో జెయింట్ ఫారెస్ట్ దాకా పూర్తి చేసింది. తర్వాతి దశాబ్దాల్లో ఆ తోపు మధ్యలోనే హోటళ్లు, క్యాబిన్లు, దుకాణాలు లేచాయి. వేళ్లు పైపైనే పరుచుకుంటాయి కాబట్టి ఆ బరువు చెట్లకు చేటు చేసింది. 1990ల చివర్లో 280కి పైగా కట్టడాలను తొలగించారు. పాత మార్కెట్ భవనం ఒకటి ఇప్పుడు మ్యూజియం. ముందు అక్కడ అరగంట గడిపి తోపులోకి వెళితే చూసేదంతా అర్థమవుతుంది.

జనరల్ షెర్మన్ దగ్గరికి పెద్ద పార్కింగ్ నుంచి అర మైలు దిగాలి, దారిలో మెట్లున్నాయి. దిగేటప్పుడు అందరూ హాయిగా దిగుతారు, తిరిగి ఎక్కేటప్పుడే పెద్దవాళ్లు ఆయాసపడతారు. వేసవిలో నడిచే ఉచిత షటిల్ జనరల్స్ హైవే పక్కనున్న కింది స్టాపులో ఆగుతుంది. అక్కడి నుంచి చదునైన దారి. పెద్దవాళ్లను పైనుంచి నడిపించినా, తిరుగుప్రయాణం కింది స్టాపు నుంచి పెట్టుకోండి. షెర్మన్ దగ్గర ఫొటోకు వరుసలో నిలబడి వెనక్కి తిరగకుండా, పక్కనే మొదలయ్యే కాంగ్రెస్ ట్రెయిల్ పట్టుకోండి. సుమారు మూడు మైళ్ల చుట్టు, తారు వేసిన దారి. మొదటి అర మైలు దాటితే జనం పలచబడతారు. మోరో రాక్ అనే రాతిగుట్ట మీదికి 350కి పైగా మెట్లు. మెరుపులు ఉన్నా, మెట్ల మీద మంచు గడ్డకట్టినా ఎక్కకూడదు.

దక్షిణం నుంచి హైవే 198 మీద వస్తే గేటు దగ్గర 1,700 అడుగులు, జెయింట్ ఫారెస్ట్ దగ్గర 6,400. మధ్యలో తిరుమల ఘాట్ రోడ్డును తలపించే మలుపులు వందకు పైగా ఉన్నాయి. కడుపు తిప్పే పిల్లలుంటే ఫ్రెస్నో నుంచి హైవే 180 మీద గ్రాంట్ గ్రోవ్‌కు రావడం నయం, ఆ రోడ్డు అంత మెలికలు తిరగదు. అక్కడి జనరల్ గ్రాంట్ చెట్టు 268 అడుగులు, చుట్టూ నడక మైలులో మూడో వంతే. 1926లో దీన్ని దేశపు క్రిస్మస్ చెట్టుగా ప్రకటించారు.

పేరు చూసి మోసపోయే చోటు సీడర్ గ్రోవ్. కింగ్స్ కాన్యన్ అడుగున ఉన్న ఆ లోయ అద్భుతంగా ఉంటుంది, కానీ అక్కడ సెకోయాలు లేవు.

2020, 2021 మంటల్లో ప్రపంచంలోని పెద్ద సెకోయాల్లో 13 నుంచి 19 శాతం పోయాయని అంచనా. షెర్మన్ మొదలుకు అల్యూమినియం రేకు చుట్టి కాపాడింది 2021లోనే. నిప్పు ఈ చెట్టుకు అవసరమే. కానీ వంద ఏళ్ల పాటు ప్రతి చిన్న మంటనూ ఆర్పేయడంతో తోపుల కింద కట్టె పేరుకుంది, దానికి కరువు, ఎండ తోడయ్యాయి. దాంతో బెరడు ఆపగలిగే నేల మంట కొమ్మల దాకా ఎగబాకింది. దారి పక్కన నల్లబడ్డ మోళ్లు కనిపిస్తాయి. పిల్లలు అడిగితే ఈ సంగతి చెప్పండి, చెట్టు అందం ఎంత ముఖ్యమో ఇదీ అంతే.

## మరిపోసా, కాలవెరాస్: మరో పనితో కలిసి వచ్చేవి

యోసెమిటీకి ఎలాగూ వెళ్తున్నవాళ్లు మరిపోసా తోపును కలుపుకోవచ్చు. దానికోసమే యోసెమిటీ దాకా వెళ్లాల్సిన పని లేదు. 500కు పైగా పెద్ద సెకోయాలున్న ఈ తోపును, యోసెమిటీ లోయతో పాటు 1864 జూన్ 30న లింకన్ సంతకంతో కాలిఫోర్నియాకు అప్పగించారు. ప్రకృతిని ప్రజల కోసం కాపాడమని కేంద్రం ఒక రాష్ట్రానికి నేల ఇవ్వడం అదే మొదలు. ఎల్లోస్టోన్ కంటే ఇది ఎనిమిదేళ్లు ముందు. దక్షిణ గేటు దగ్గరి పార్కింగ్ నుంచి షటిల్‌లో రెండు మైళ్లు పోవాలి. షటిల్ లేని చలికాలంలో ఆ రెండు మైళ్లూ రానూపోనూ నడకే. తోపులో గ్రిజ్లీ జెయింట్ అనే చెట్టును చూసి వచ్చే చుట్టు ఇంకో రెండు మైళ్లు.

కాలవెరాస్‌ను తక్కువ అంచనా వేస్తున్నారనిపిస్తుంది. 1852లో ఒక ఎలుగుబంటిని తరుముతూ వచ్చిన ఆగస్టస్ డౌడ్ అనే వేటగాడి కథతో సెకోయాల పేరు ప్రపంచానికి పాకింది ఇక్కడి నుంచే. మరుసటి ఏడాదే ఆయన చూసిన చెట్టును నరికేశారు. మొద్దు మీద నాట్యాలు చేశారు. 1854లో ఇంకో చెట్టు బెరడంతా వలిచి ప్రదర్శనలకు పంపారు, ఆ చెట్టు నిలువునా చచ్చిపోయింది. ఆ రెండు గుర్తులూ నార్త్ గ్రోవ్ నడకదారిలోనే ఉన్నాయి. ఒకటిన్నర మైళ్ల పైచిలుకు దారి, దాదాపు చదును, చలికాలంలోనూ తెరిచే ఉంటుంది. బే ఏరియా (శాన్ ఫ్రాన్సిస్కో చుట్టుపక్కల) వాళ్లు తెల్లవారి బయలుదేరి రాత్రికి ఇంటికి చేరగలిగిన సెకోయా తోపు ఇదే. వెయ్యి చెట్లున్న సౌత్ గ్రోవ్‌కు వెళ్లాలంటే ఐదు మైళ్ల నడక, మంచు కరిగి రోడ్డు తెరిచాకే.

## ఉత్తర తీరం: నేషనల్ పార్కా, హంబోల్టా?

రెడ్‌వుడ్ కావాలనుకున్నవాళ్లు అసలు తూచుకోవాల్సింది ఈ రెంటినే. తేడా తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

తీరమంతా పరుచుకున్న పాత అడవి దాదాపు 20 లక్షల ఎకరాలు. దాంట్లో ఇప్పుడు మిగిలింది సుమారు 5 శాతం. కేంద్రం కదిలింది చాలా ఆలస్యంగా, 1968 అక్టోబర్ 2న. అప్పటికే దాదాపు 90 శాతం నరికేశారు. మేలైన తోపులను ముందే కొని నిలబెట్టింది 1918లో పుట్టిన సేవ్ ది రెడ్‌వుడ్స్ లీగ్, ఊళ్లలోని మహిళా సంఘాలు, 1920ల నాటి స్టేట్ పార్కులు. అందుకే ‘నేషనల్’ అన్న మాట చూసి స్టేట్ పార్కును రెండో రకంగా లెక్కేస్తే నష్టపోయేది చూసేవాళ్లే. ఉత్తరాన గొప్ప తోపుల్లో చాలా వరకు జెడడయా స్మిత్, ప్రెయిరీ క్రీక్ అనే స్టేట్ పార్కుల నేల మీదే ఉన్నాయి. 1994 నుంచి మూడు స్టేట్ పార్కులు, నేషనల్ పార్కు కలిసి ఒకే నిర్వహణలో నడుస్తున్నాయి.

1968లో గీసిన సరిహద్దు కూడా చాలలేదు. రెడ్‌వుడ్ క్రీక్ ఎగువ కొండలను బోడిగా నరకడంతో మట్టి కొట్టుకొచ్చి, దిగువ ఏటి ఒడ్డు తోపులు ముంపు ప్రమాదంలో పడ్డాయి. 1978లో 48,000 ఎకరాలు కలిపారు. అందులో చాలా భాగం నరికేసిన నేలే. అందుకని పార్కు మధ్యలో కూడా పలచటి కుర్ర అడవి కనిపిస్తుంది.

రెడ్‌వుడ్ పార్కులు మూడు రోజులు పెట్టగలిగినవాళ్లకు. నేషనల్ పార్కు భాగానికి ప్రవేశ రుసుము లేదు. హౌలండ్ హిల్ రోడ్డు కంకర దారి, చెట్ల మధ్య సందుల్లోంచి పోతుంది, పెద్ద వ్యాన్లు దూరకూడదు. స్టౌట్ గ్రోవ్ దాని పక్కనే. లేడీ బర్డ్ జాన్సన్ తోపు కొండ మీద ఉంటుంది, మైలున్నర చుట్టు. మే, జూన్‌లలో అక్కడ రోడోడెండ్రాన్లు పూస్తాయి. ఫెర్న్ కాన్యన్‌కు మే 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా ముందస్తు అనుమతి కావాలి. ఏటిలో నడవాలి కాబట్టి తడిసినా ఫరవాలేని చెప్పులు వేసుకోండి. టాల్ ట్రీస్ తోపుకు ఉచిత అనుమతి ఆన్‌లైన్‌లో తీసుకుంటే గేటు కోడ్ ఇస్తారు. తిరుగుదారి నిటారు ఎక్కుడు. ఈ నేలంతా యూరోక్, టొలోవా తదితర ఆదివాసుల సొంతూరు. పడిపోయిన రెడ్‌వుడ్‌తోనే యూరోక్‌లు ఇళ్లూ పడవలూ చేసేవారు.

హంబోల్ట్ రెండు రోజులే ఉన్నవాళ్లకు, నడవలేని పెద్దవాళ్లకు. అవెన్యూ ఆఫ్ ది జెయింట్స్ అనే 31 మైళ్ల పాత హైవే 101కి సమాంతరంగా చెట్ల మధ్య సాగుతుంది. రుసుము లేదు, ఎక్కడ బడితే అక్కడ పక్కకు ఆపుకోవచ్చు. ఫౌండర్స్ గ్రోవ్ అర మైలు చదును దారి. 1991 మార్చిలో కూలిన డైయర్‌విల్ జెయింట్ అనే చెట్టు అక్కడే పడి ఉంది, దాని పక్కన నడిస్తేనే ఎత్తు అన్న మాటకు కొలత దొరుకుతుంది. రాక్‌ఫెల్లర్ ఫారెస్ట్ 10,000 ఎకరాలు, నరకని తీర రెడ్‌వుడ్ అడవి ఒక్క ముక్కగా ఇంత పెద్దది ఇంకెక్కడా మిగల్లేదు.

సముద్రతీరం, ఎల్క్ (పెద్ద జింక) మందలు, ఫెర్న్ లోయ కూడా కావాలంటే ఉత్తరం వెళ్లండి. ఒక్క చెట్లే చాలనుకుంటే హంబోల్ట్ దాటి మరో రెండున్నర గంటలు నడపనక్కర్లేదు.

## మ్యూర్ వుడ్స్‌కు బదులు

1908 జనవరి 9న థియోడర్ రూజ్‌వెల్ట్ రక్షిత ప్రాంతంగా ప్రకటించిన మ్యూర్ వుడ్స్ అనే ఈ చిన్న అడవి శాన్ ఫ్రాన్సిస్కో పక్కనే ఉండటం వల్ల ఎప్పుడూ కిటకిటలాడుతుంది. 2018 నుంచి పార్కింగ్‌కో, షటిల్‌కో ముందే బుక్ చేసుకోవాలి. లోపల ఫోన్ సిగ్నల్ ఉండదు కాబట్టి బుకింగ్ కాపీని ముందే దించుకోండి. కారు లేని అతిథులు ఒక్క రోజు శాన్ ఫ్రాన్సిస్కోలో ఉంటే ఇదే సరైన చోటు.

శాన్ హోసే, ఫ్రీమాంట్ వైపు ఉండేవాళ్లు మాత్రం ఫెల్టన్ దగ్గరి హెన్రీ కవెల్‌కు వెళ్లడం మేలు. ముప్పావు మైలు పైచిలుకు చదును చుట్టు, చక్రాల కుర్చీ కూడా వెళ్తుంది, చెట్లు మ్యూర్ వుడ్స్ వాటికి ఏమాత్రం తీసిపోవు. దగ్గరలోని బిగ్ బేసిన్ 1902 నాటి స్టేట్ పార్కు. 2020 ఆగస్టు మంటల్లో దాదాపు అంతా కాలింది. నల్లటి బోదెల నిండా పచ్చటి చిగుళ్లు చూడాలనుకునేవాళ్లకు అది గొప్ప చోటు. మొదటిసారి చూసేవాళ్లకు కాదు.

## ఎవరికి ఏది

- మోకాళ్ల నొప్పులున్న అమ్మానాన్నలతో ఒక్క రోజు: హెన్రీ కవెల్. రెండు రోజులైతే హంబోల్ట్.
- బడి పిల్లలతో వేసవి సెలవులు: జెయింట్ ఫారెస్ట్‌లో రెండు రాత్రులు.
- లాస్ ఏంజెలెస్ నుంచి: సెకోయా, సుమారు నాలుగు గంటలు. రెడ్‌వుడ్‌ల కోసం ఉత్తర తీరం దాకా పోవడం దండగ.
- పోర్ట్‌లాండ్, సియాటిల్ నుంచి: జెడడయా స్మిత్.
- డిసెంబర్‌లో మంచులో ఆడుకోవాలి, చెట్లూ చూడాలి: కాలవెరాస్, గొలుసులు వెంట పెట్టుకుని.

## దారిలో దెబ్బతినే చోట్లు

పెట్రోలు బంకు సెకోయా పార్కు సరిహద్దు లోపల లేదు. 198 మీద వస్తే త్రీ రివర్స్‌లో, 180 మీద వస్తే ఫ్రెస్నోలోనే నింపుకోండి. అద్దె కార్ల ఒప్పందాల్లో గొలుసులు తొడగకూడదన్న షరతు తరచూ ఉంటుంది, చలికాలంలో అద్దెకు తీసుకునే ముందే అడగాలి. మంచు పడ్డప్పుడు గ్రాంట్ గ్రోవ్, జెయింట్ ఫారెస్ట్ మధ్య రోడ్డు మూసేస్తారు. అప్పుడు రెంటిలో ఏదో ఒకటే.

సియెర్రా తోపుల్లో ఎలుగుబంట్లున్నాయి. పులిహోర డబ్బా, ఊరగాయ సీసా, ఖాళీ కూలర్, చివరికి సబ్బు కూడా రాత్రి కారులో వదలకూడదు. వాసన తగిలితే తలుపు చీల్చేస్తాయి. పార్కింగుల దగ్గర ఇనుప పెట్టెలు పెట్టింది అందుకే.

ఉత్తరాన క్రెసెంట్ సిటీకి దక్షిణంగా లాస్ట్ ఛాన్స్ గ్రేడ్ దగ్గర కొండ జారుతూనే ఉంటుంది. 101 మీద గంటసేపు ఆగాల్సి రావచ్చు, చీకటి పడకముందే దాటేలా చూసుకోండి. ఎల్క్‌లకు కనీసం 75 అడుగుల దూరం పాటించండి.

హైపీరియన్‌ను వెతుక్కుంటూ వెళ్లకండి. దానికి దారి లేదు, చోటు చెప్పే గుర్తూ లేదు. జనం తొక్కి వేళ్ల చుట్టూ నేల గట్టిపడటంతో 2022లో ఆ ప్రాంతాన్ని పూర్తిగా మూశారు. దొరికితే 5,000 డాలర్ల దాకా జరిమానా, ఆరు నెలల దాకా జైలు.

కారు దూరే చెట్టు విషయానికొస్తే, నేషనల్ పార్కుల్లో నిలబడి ఉన్నది ఒక్కటీ లేదు. యోసెమిటీలో 1881లో తొలిచిన వవోనా చెట్టు 1969లో కూలింది. కాలవెరాస్‌లోని పయొనీర్ క్యాబిన్ చెట్టు 2017 జనవరిలో కూలింది. సెకోయా పార్కులో 1937లో దానంతట అదే పడిపోయిన చెట్టులో తొలిచిన టన్నెల్ లాగ్ ఉంది, ఎనిమిదడుగుల ఎత్తులోపు కార్లు దాంట్లోంచి వెళ్లొచ్చు. నిలబడి ఉన్న చెట్టే కావాలంటే హంబోల్ట్ దారిలో లెగెట్ దగ్గర ప్రైవేటు స్థలంలో షాండ్లియర్ ట్రీ ఉంది. దానికి రుసుము వేరు, వెడల్పాటి వ్యాన్లు పట్టవు, అద్దాలు ముడుచుకుని మెల్లగా పోనివ్వండి.